మోకాల్లో చీము పడితే ఏ ఆపరేషన్ ఎందుకు చేస్తారు, మనవైపు నుంచి ఏం చూసుకోవాలి

మా ఇంట్లో రెండేళ్ళ తేడాతో ఇద్దరికి మోకాల్లో ఇన్ఫెక్షన్ వచ్చింది. ఒకళ్ళు మా బాబాయి, ఆయనది సొంత మోకాలే, ఇంకొకళ్ళు అమ్మ, ఆవిడది మార్పించిన మోకాలు. బాబాయి ఆస్పత్రిలో చేరిన పదకొండో రోజుకి ఇంటికొచ్చేశాడు, అమ్మకి ఏడు నెలలు పట్టింది, మధ్యలో రెండు పెద్ద ఆపరేషన్లు. ఇద్దరి దగ్గరా రాత్రుళ్ళు పడుకున్నదీ నేనే, సంతకాలు పెట్టిందీ నేనే, కాబట్టి ఇదే పరిస్థితిలో ఇప్పుడు ఎవరైనా ఉంటే పనికొస్తుందని రాస్తున్నా. నేను డాక్టర్ని కాదు, డాక్టర్లని విసిగించి విసిగించి అడిగి తెలుసుకున్నవే ఇవి, మీ మోకాలికి ఏది సరిపోతుందో దాన్ని చూసిన డాక్టరే చెప్పాలి.

ఒక్క విషయం ముందే చెప్పేస్తా. ఏ ఆపరేషన్ అనేది నొప్పి ఎంతుంది, వాపు ఎంతుంది అన్నదాన్ని బట్టి తేలదు. మొదలై ఎన్ని రోజులైంది, లోపల ఇంప్లాంట్ (మార్పించినప్పుడు పెట్టిన కృత్రిమ కీలు) ఉందా లేదా, ఏ క్రిమో దొరికిందా లేదా, ఈ మూడిటిని బట్టే తేలుతుంది. మధ్యది మన చేతిలో లేదు గానీ మొదటిదీ చివరిదీ చాలావరకు మన చేతిలోనే ఉంటాయి, తెలీక మనం పాడుచేసుకునేవీ అవే. అందుకని ఇప్పుడే ఒక చిన్న నోటుబుక్కు పెట్టి తేదీలు రాయడం మొదలుపెట్టండి, నొప్పి ఏ రోజు మొదలైంది, జ్వరం ఎప్పుడొచ్చింది, ఏ యాంటీబయాటిక్ ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా మింగారు, మొత్తం. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళినా మొదట అడిగేది అదే, మనం చెప్పే సమాధానం "ఒక పది పదిహేను రోజులైందండి" అని, ఆ పదికీ పదిహేనుకీ మధ్య ఒక్కోసారి ఆపరేషనే మారిపోతుంది.

ముందు సొంత మోకాలి సంగతి

బాబాయికి షుగర్ ఉంది, మోకాలు గుజ్జు అరిగింది, ఊళ్ళో ఎవరో మోకాల్లోకే సూది వేశారు, మూడో రోజుకి కాలు బంతిలా ఉబ్బిపోయింది. చెయ్యి పెడితే కాలుతోంది, ఒక్క ఇంచి కూడా మడవలేడు, పాదం నేలకి ఆనిస్తే కేక. జ్వరం మాత్రం 99 దగ్గరే ఉంది, అందుకే ఇంట్లో వాళ్ళు వాత నొప్పే అనుకుని నూనె రాస్తూ కూర్చున్నారు. పెద్దవాళ్ళలో, షుగర్ ఉన్నవాళ్ళలో, స్టెరాయిడ్ మాత్రలు వాడేవాళ్ళలో జ్వరం పెద్దగా రాకపోవచ్చు, అది లేదని ధైర్యంగా ఉండకండి. సూది వల్లే రావాలని కూడా లేదు, కాలి పగుళ్ళలోంచి, గడ్డల్లోంచి, మూత్రం ఇన్ఫెక్షన్ నుంచి, డయాలసిస్ గొట్టం నుంచి రక్తంలో పడి వచ్చి మోకాల్లో కూర్చుంటుంది. పెద్దవాళ్ళలో ఎక్కువగా పట్టే కీలు మోకాలే, ఎక్కువగా దొరికే క్రిమి స్టాఫ్ ఆరియస్.

ఎందుకింత తొందర అంటే, ఎముక చివరన ఉండే ఆ గుజ్జుకి సొంతంగా రక్తం సరఫరా ఉండదు, చీములోని ఎంజైములు దాన్ని రోజుల్లోనే తినేస్తాయి, తిన్నది మళ్ళీ పెరగదు. చికున్ గున్యాలోనూ కీళ్ళు వాస్తాయి కానీ అప్పుడు నాలుగైదు కీళ్ళు ఒకేసారి పట్టేస్తాయి, ఒక్క మోకాలు మాత్రమే ఉన్నట్టుండి వేడిగా ఉబ్బి కదలకపోతే మాత్రం ఆ రోజే ఆర్థో ఉన్న ఆస్పత్రికి వెళ్ళండి. పసరు కట్టు, కాపడం, మళ్ళీ ఇంకో సూది, ఇవేవీ వద్దు.

అక్కడ మొదట జరగాల్సింది సూదితో నీరు తీయడం, అది కూడా యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే. ఈ వ్యాసంలో ఒక్క లైనే గుర్తుంచుకుంటా అనేవాళ్ళు ఇదే గుర్తుంచుకోండి. ముందు మందు పడితే క్రిమి పూర్తిగా చావదు గానీ, ల్యాబ్‌లో క్రిమిని పెంచి చూసే కల్చర్‌లో పెరగకుండా దాక్కుంటుంది, ఆ తర్వాత వారాల తరబడి చీకట్లో బాణాలే. బీపీ పడిపోయి, మాట తేడాగా వస్తూ ఒళ్ళంతా సెప్టిక్ అయిన మనిషికి మాత్రం ఆగరు, రక్తం కల్చర్‌కి తీసి వెంటనే మందు ఎక్కిస్తారు, ఎక్కించాలి కూడా. బాబాయికి ఎమర్జెన్సీ రూములోనే తీశారు, లావు సిరంజి మూడుసార్లు నిండింది, చిక్కటి పచ్చ మజ్జిగలా ఉంది. దాన్ని కణాల లెక్కకి, గ్రామ్ స్టెయిన్‌కి (రంగు వేసి మైక్రోస్కోప్‌లో క్రిమిని వెతికే పరీక్ష), కల్చర్‌కి, గౌట్ (యూరిక్ యాసిడ్ పేరుకుని వచ్చే కీళ్ళ వాపు) స్ఫటికాలకి విడివిడిగా పంపుతారు. కణాలు 50,000 దాటితే చీము అనే అనుమానం బాగా బలపడుతుంది, తక్కువున్నంత మాత్రాన కాదు అని కూడా చెప్పలేరు, అలాగే గౌట్ తేలినా ఇన్ఫెక్షన్ లేదని కాదు, రెండూ కలిసి ఉండొచ్చు. ఆ శాంపిల్ వెళ్ళిందా, ఏ ల్యాబ్‌కి వెళ్ళింది, ఎన్ని రోజులు ఉంచుతారు అనేది మీరు అడగండి, ఎందుకంటే 48 గంటలకి "నో గ్రోత్" అని వచ్చే కాగితం చివరి రిపోర్టు కాదు.

ఇంకో రకం కూడా ఉంది, వేడి పెద్దగా ఉండదు, నెలల తరబడి నెమ్మదిగా వాచి, తొడ కండ సన్నబడిపోతుంది. అలాంటిది మన దేశంలో టీబీ కావచ్చు, దగ్గు లేకపోయినా మోకాల్లో టీబీ ఉండొచ్చు. అప్పుడు లోపలి పొర ముక్క తీసి బయాప్సీకి, టీబీ క్రిమిని త్వరగా పట్టే పరీక్ష జీన్ ఎక్స్‌పర్ట్‌కి పంపుతారు, ముఖ్యమైన వైద్యం నెలల తరబడి మందులే, కత్తి అవసరం తక్కువ.

సరే, చీమే అని తేలింది, ఏం చేస్తారు? మూడు దారులు. రోజూ సూదితో తీసేయడం ఒకటి, పల్చటి చీము, మొదట్లోనే దొరికింది, మనిషి ఆపరేషన్‌కి తట్టుకోలేడు అన్నప్పుడు. రెండోది ఆర్థ్రోస్కోపీ, రెండు మూడు చిన్న రంధ్రాలు పెట్టి కెమెరా పంపి, మూడేసి లీటర్ల సెలైన్ బ్యాగులు ఒకదాని వెనక ఒకటి పారిస్తూ లోపలంతా కడగడం, గడ్డకట్టిన తెట్టునీ పాడైన పొరనీ చిన్న యంత్రంతో గొరిగేయడం. మూడోది మోకాలు తెరిచి కడగడం. కెమెరా లోపలికి వెళ్ళాక కనిపించేదాన్ని బట్టి గాక్టర్ అనే ఆయన పేరుతో నాలుగు మెట్లు ఉన్నాయి, మొదటి మెట్లలో అయితే కెమెరాతో కడిగితే సరిపోతుంది, నాలుగో మెట్టులో ఎక్స్‌రేలోనే ఎముక తినేసినట్టు కనిపిస్తుంది, అప్పుడు తెరవాల్సిందే. కెమెరా అంటే గొప్ప, తెరవడం అంటే పాత పద్ధతి అని చుట్టాలు చెప్తారు, పట్టించుకోకండి, అర్ధరాత్రి కెమెరా సెట్ లేని ఊళ్ళో తెరిచి కడగడం రెండు రోజులు ఆగి కెమెరాతో కడగడం కంటే మేలే.

బాబాయికి కెమెరాతో చేశారు, నడుముకి మత్తు, డ్రెయిన్ పైపు పెట్టారు. మూడో రోజుకి మళ్ళీ జ్వరం, సీఆర్పీ (ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఎంతుందో చూపే రక్తపరీక్ష) దిగలేదు, మళ్ళీ కడగాలి అన్నారు. పిన్ని అప్పుడు కౌంటర్ దగ్గర గొడవ, "ఒకసారి చేసింది చేతకాకేగా మళ్ళీ చేస్తాం అంటున్నారు" అని. చేతకాక కాదు. కొందరికి రెండోసారి, మూడోసారి కడగాల్సి రావడం ఇందులో మామూలే, అందుకే మొదటి సంతకం అప్పుడే అడగండి, "మళ్ళీ కడగాల్సి వస్తే ఏం చూసి నిర్ణయిస్తారు, ఎన్ని రోజులు చూస్తారు" అని. రెండోదాని తర్వాత దిగింది. ప్లాస్టర్ వేసి కదలకుండా ఉంచుతారేమో అనుకున్నాం, నొప్పి తగ్గీ తగ్గగానే ఫిజియో వచ్చి మడిపించడం మొదలెట్టాడు, లేకపోతే బిగుసుకుపోతుందట. మందులు మొత్తం నాలుగు నుంచి ఆరు వారాలు, మొదట నరానికి, తర్వాత మాత్రలు.

సీఆర్పీ గురించి ఒక ముక్క. మా వాళ్ళు ఒక ల్యాబ్‌లో 58 వచ్చింది, నాలుగు రోజుల తర్వాత ఇంకో ల్యాబ్‌లో 6.2 వచ్చిందని స్వీట్లు పంచేంత పని చేశారు. మొదటిది లీటరుకి మిల్లీగ్రాములు, రెండోది డెసిలీటరుకి, అంటే అసలు లెక్క 62, తగ్గలేదు సరికదా పెరిగింది. ఒకే ల్యాబ్‌లో చేయించండి, అంకె పక్కన యూనిట్ చూడండి.

మార్పించిన మోకాలు, ఇది వేరే కథ

లోహం, ప్లాస్టిక్, సిమెంట్ లోపల ఉన్నప్పుడు క్రిములు వాటి మీద జిగురు పొర కట్టుకుంటాయి, బయోఫిల్మ్ అంటారు. చెరువు మెట్ల మీద పాచి చూశారుగా, బిందెలకి బిందెలు నీళ్ళు పోసినా పోదు, గీకాలి, బాగా పాతబడిన పాచి అయితే గీకినా సందుల్లో ఉండిపోతుంది, రాయే తీసి మార్చాలి. మాత్రలు, ఇంజెక్షన్లు అంటే పైనుంచి నీళ్ళు పోయడమే అనుకోండి. కాబట్టి మార్చిన మోకాల్లో ఆపరేషన్లన్నీ ఈ పాచి వయసు మీద నడుస్తాయి.

అమ్మకి ఆపరేషన్ అయిన ఐదో వారంలో కోతకి కింది కొసన ఒక్క కుట్టు దగ్గర తడి కనిపించింది. పొద్దున్నే చీర కుచ్చిళ్ళకి రూపాయి బిళ్ళంత మరక, అంతే, నొప్పి కూడా లేదు. ఫోన్ చేస్తే డ్రెస్సింగ్ చేయించుకోమన్నారు, వీధి చివర క్లినిక్‌లో రోజు విడిచి రోజు డ్రెస్సింగ్, వారానికో రకం యాంటీబయాటిక్, మూడు రకాలు మారాయి. మాత్ర వేసుకుంటే తడి ఆగేది, ఆపగానే మళ్ళీ రసి. ఆరు వారాలు అలా గడిపేశాం, తప్పు ఎవరిదని ఇప్పుడు తవ్వుకుని లాభం లేదు గానీ నేను కూడా ఆఫీసు, సెలవులు అని చూసుకుంటూ కూర్చున్నా. కోత మానాక మళ్ళీ తడి వచ్చినా, ఆపరేషన్ అయి వారం దాటినా తడి ఆగకపోయినా అది డ్రెస్సింగ్ చేసేవాళ్ళ పని కాదు, సర్జన్ కళ్ళతో చూడాలి, ఫోటో పంపి ఊరుకోవద్దు.

పదకొండో వారంలో వేరే ఆస్పత్రిలో ఒక పెద్దాయన చూశారు, సన్నటి కడ్డీ లాంటిది ఆ రంధ్రంలో పెట్టి చూసి, "అమ్మా, ఇది చర్మం పుండు కాదు, లోపల్నుంచి దారి పడింది" అన్నారు. కీలు దాకా దారి పడిందంటే ఇంక వేరే రుజువు అక్కర్లేదు, లేదా రెండు శాంపిళ్ళలో ఒకటే క్రిమి దొరికినా రుజువే, 2018 అంతర్జాతీయ నిర్వచనం ప్రకారం ఈ రెండూ పెద్ద గుర్తులు. మిగతావాళ్ళకి లెక్కలు కలిపి చూస్తారు: ఆపరేషన్ అయిన కొత్తలో సీఆర్పీ ఎక్కువుండటం సహజమే గానీ ఆరు వారాలు దాటాక లీటరుకి 10 మిల్లీగ్రాముల పైన ఉంటే అనుమానం, అలాంటిదే ఇంకో రక్తపరీక్ష ఈఎస్ఆర్ 30 పైన అనుమానం. నీటిలో కణాలకి ఇక్కడ 50,000 లెక్క పనికిరాదు, పాత ఇన్ఫెక్షన్‌లో 3,000 దాటితే చాలు, ఎక్కువ కిందే లెక్క. అమ్మ రిపోర్టులో 4,200 చూసి మా మేనమామ "బాబాయికి లక్ష ఉందిగా, ఇది ఏపాటిది" అన్నాడు, అదీ మా తెలివి.

మొదటిసారి నీరు తీస్తే కల్చర్ ఏమీ రాలేదు, మాత్రలు మింగుతోందిగా మరి. అన్నీ ఆపేసి రెండు వారాలు ఆగి మళ్ళీ తీశారు, ఆ పద్నాలుగు రోజులు నరకం, చీము ఉందని తెలిసి మందు లేకుండా కూర్చోవడం. రెండోసారి స్టాఫ్ ఎపిడెర్మిడిస్ పెరిగింది, చర్మం మీద మామూలుగా ఉండేదే. మనిషి నిలకడగా ఉంటేనే ఇలా ఆపి చూస్తారు, మీరు మీరే ఆపేయకండి.

ఇంప్లాంట్ ఉంచి కడగడం

దీన్ని డాక్టర్లు డెయిర్ అంటారు. పాత కోత మీదే తెరిచి, పాడైన కండ, పొర అంతా తీసేసి, లోహాన్ని అలాగే ఉంచి మధ్యలో ఉండే ప్లాస్టిక్ ముక్క మార్చి, బాగా కడిగి మూసేస్తారు. ఆపరేషన్ అయిన సుమారు నాలుగు వారాల లోపు, లేదా ఏళ్ళ తరబడి బాగున్న మోకాలు ఉన్నట్టుండి వాచి మూడు వారాలు దాటకుండా ఉంటే, ఇంప్లాంట్ గట్టిగా ఉంటే, చర్మం బాగుండి రసి దారి లేకపోతే ఇది ఆలోచిస్తారు. అమ్మని ఐదో వారంలో ఆ మరక కనిపించిన రోజే తీసుకెళ్ళుంటే, నాలుగు వారాలు కాస్త దాటినా బహుశా దీంతో అయిపోయేది, నోటుబుక్కు గోల నాకు అందుకే.

రెండు అడగాలి ఇక్కడ. ఒకటి, ప్లాస్టిక్ మారుస్తున్నారా అని, మార్చకపోతే దాని వెనక సందు కడగడం కుదరదు, మార్చిన మోకాలికి కెమెరాతో కడగడం సరిపోదని చెప్పేది కూడా ఇందుకే. ఆ ప్లాస్టిక్ ముక్క అదే కంపెనీది, అదే సైజుది దొరకాలి, దానికి మీ మొదటి ఆపరేషన్ ఫైల్లో ఉండే ఇంప్లాంట్ స్టిక్కర్లు కావాలి, చిన్న చిన్న బార్‌కోడ్ చీటీలు ఒక పేజీలో వరసగా అంటించి ఉంటాయి. మా ఇంట్లో ఆ పేజీ కోసం బీరువా మొత్తం తిరగేశాం, చివరికి పాత ఎక్స్‌రే కవర్లో దొరికింది. రెండోది, ఎన్ని ముక్కలు కల్చర్‌కి పంపుతారు అని, ఐదారు వేర్వేరు చోట్ల నుంచి తీయాలి, కొన్ని నెమ్మదిగా పెరిగే క్రిముల కోసం 14 రోజుల దాకా ఉంచుతారు.

మందులు ఇక్కడ చాలా రోజులు వాడాలి, ఫ్రాన్స్‌లో 2021లో వచ్చిన పెద్ద స్టడీలో ఇలాంటి ఇంప్లాంట్ ఇన్ఫెక్షన్లకి ఆరు వారాల కంటే పన్నెండు వారాలే మెరుగని తేలింది. అన్నీ నరానికే ఎక్కించాలని లేదు, ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు నడిపిన 2019 స్టడీలో ఎముక, కీలు ఇన్ఫెక్షన్లకి మొదటి వారం తర్వాత సరైన మాత్రలు ఇచ్చినా ఆరు వారాల ఇంజెక్షన్లకి తీసిపోలేదు, కాబట్టి "మాత్రలు రాశారు, పట్టించుకోవట్లేదు" అనుకోకండి. స్టాఫ్ అయితే రిఫాంపిసిన్ కలుపుతారు, బయోఫిల్మ్ మీద బాగా పనిచేస్తుంది, గాయం ఆరాక మొదలెడతారు, ఒక్కటే ఎప్పుడూ ఇవ్వరు, ఇస్తే క్రిమి మొండికేస్తుంది. అది వేసుకుంటే మూత్రం నారింజ రంగులో వస్తుంది, ముందే చెప్పకపోతే మా అమ్మలాగే పొద్దున్నే బాత్రూంలోంచి "ఒరేయ్ నాన్నా, రక్తం పోతోందిరా" అని అరుస్తారు. రక్తం పల్చబరిచేవి, షుగర్, బీపీ మాత్రలు కొన్నిటి పవర్‌ని ఇది తగ్గించేస్తుంది, వాడే మాత్రలన్నీ డాక్టర్ ముందు పెట్టండి. పక్కింటావిడ చీటీ చూసి "టీబీ మందు కదా ఇది" అని వీధంతా చెప్పింది, అదో ముచ్చట.

తీసేసి కొత్తది వేయడం

పాచి ముదిరిపోతే మొత్తం తీయాల్సిందే, లోహం, ప్లాస్టిక్, సిమెంట్ పొడి కూడా మిగలకుండా. ఒకే ఆపరేషన్‌లో తీసి కొత్తది పెట్టడం ఒక దారి, జర్మనీ హాంబర్గ్‌లోని ఎండో క్లినిక్ వాళ్ళు 1970ల నుంచి దీనికి పేరు. ఒకటే మత్తు, ఒకటే బిల్లు, త్వరగా నడక. కానీ క్రిమి ముందే తెలియాలి, దానికి పనిచేసే మందు ఉండాలి, చర్మం, ఎముక బాగుండాలి. మేం తిరిగిన మూడు ఆస్పత్రుల్లోనూ రెండు దశలే చెప్పారు.

రెండు దశల పద్ధతిని 1983లో న్యూయార్క్‌లో ఇన్సాల్ అనే సర్జన్, ఆయన టీమ్ రాశారు, ఇప్పటికీ ఎక్కువమంది నమ్మేది ఇదే. మొదటి దశలో అంతా తీసి శుభ్రం చేసి, ఆ ఖాళీలో యాంటీబయాటిక్ కలిపిన సిమెంట్‌తో స్పేసర్ పెడతారు. సిమెంట్ పొడిలో వాంకోమైసిన్, జెంటామైసిన్ లాంటివి పొడి రూపంలోనే కలిపి పిండిలా పిసుకుతారట, గట్టిపడేటప్పుడు బాగా వేడెక్కుతుంది కాబట్టి వేడికి పాడవని మందులే వాడాలి. ఆ సిమెంట్‌లోంచి మందు నెమ్మదిగా కీలులోకే దిగుతుంటుంది. కిడ్నీలు బాగోనివాళ్ళు ముందే చెప్పాలి, అమ్మకి వారం వారం కిడ్నీ పరీక్ష క్రియాటినిన్ చేశారు.

స్పేసర్‌లో కదలనిదీ ఉంది, మడిచే రకమూ ఉంది. ఎముక బాగా పోయినా, లిగమెంట్లు, చర్మం బాగోకపోయినా కదలనిది పెట్టి బ్రేస్ వేస్తారు, లేదంటే మడిచేది, తర్వాత రెండో ఆపరేషన్ సులువవుతుంది. అమ్మకి మడిచేది, అయినా బరువు వేయొద్దన్నారు. "కాలు ఎవరిదో తెచ్చి తగిలించినట్టుందిరా, బరువు మాత్రం నాకే" అనేది. ఆ పది వారాలు ఇంటికి ముందే సిద్ధం కండి: వాకర్, కమోడ్ కుర్చీ, మంచం ఎత్తు మోకాలి కంటే కాస్త పైకి ఉండాలి (మేం ఇటుకలు పెట్టాం), గుమ్మం దగ్గర చిన్న ర్యాంప్, పాత లెట్రిన్ అయితే అసలు కుదరదు. స్పేసర్ జారినా విరిగినా ఉన్నట్టుండి నొప్పి, కాలు వంకర కనిపిస్తాయి, వెంటనే ఎక్స్‌రే.

ఎన్ని వారాలు ఆగాలి అంటే సాధారణంగా ఆరు నుంచి పన్నెండు, ఇంత అని గీత లేదు. మందులు ఆపి ఒక రెండు వారాలు చూసి, సీఆర్పీ, అవసరమైతే మళ్ళీ నీరు తీసి చూసి, అన్నీ బాగుంటే రెండో దశ. రెండో ఆపరేషన్‌లో కూడా లోపల ముక్క తీసి అప్పటికప్పుడు మైక్రోస్కోప్‌లో చూస్తారు, బాగోలేదంటే కొత్తది పెట్టకుండా ఇంకో స్పేసర్ పెట్టి బయటికొస్తారు, ఆ అవకాశం ఉందని ముందు రోజు రాత్రే ఇంట్లో అందరికీ చెప్పుకోండి. కొత్తది మామూలు మోకాలు కాదు, రివిజన్ సెట్, తొడ ఎముకలోకీ కాలి ఎముకలోకీ పొడవాటి కాడలు ఉంటాయి.

చర్మం సంగతి కూడా అడగండి, ఇదెవరూ ముందు చెప్పరు. ఇన్నిసార్లు తెరిచిన చోట మూతపడకపోతే పిక్క కండని తిప్పి పైన కప్పి దాని మీద చర్మం వేస్తారు, దానికి ప్లాస్టిక్ సర్జన్ ఉండాలి, ఆయన ఆ ఆస్పత్రిలో ఉన్నారా లేదా అనేది ఆస్పత్రి ఎంచుకునేటప్పుడే తెలుసుకుంటే మంచిది.

చివరి దారులు

ఎముక బాగా పోయి, కాలు చాపే కండ, దాని తాడు తెగిపోయి, రెండు మూడుసార్లు ఫెయిలైతే మోకాలుని అతికించేస్తారు, ఫ్యూజన్ అంటారు. లోపల పొడవాటి రాడ్ గానీ, బయట కాలి చుట్టూ ఎముకకి తీగలతో బిగించే ఇలిజరోవ్ రింగులు గానీ. కాలు కర్రలా నిటారుగా ఉండిపోతుంది, కొన్ని సెంటీమీటర్లు పొట్టి అవుతుంది, చెప్పు కింద ఎత్తు పెట్టుకోవాలి. బస్సు సీట్లో, ఆటోలో కాలు అడ్డం, కింద కూర్చోవడం కష్టం, కానీ నొప్పి పోతుంది, నిలబడి వంట చేసుకోవచ్చు, పొలం గట్టు దాకా నడవచ్చు. అమ్మ పక్క బెడ్డులో ఒకాయన అలా చేయించుకున్నారు, ఆయన బాధల్లా గుళ్ళో కింద కూర్చోలేనని.

ప్రాణం మీదకి వచ్చినప్పుడు, లేదా ఏదీ మిగలనప్పుడు మోకాలి పైకి కాలు తీసేస్తారు. వయసు బాగా మీదపడి గుండె, కిడ్నీలు ఆపరేషన్‌కి తట్టుకోవు అనుకుంటే ఇంప్లాంట్ అలాగే ఉంచి, జీవితాంతం మాత్రలతో అణచి ఉంచడం ఒక దారి, అది నయం చేయడం కాదు, సర్దుకోవడం, ఒక్కోసారి అదే సరైనది.

డబ్బు, ఒళ్ళు

కేంద్రం 2017 ఆగస్టులో మోకాలి ఇంప్లాంట్లకి సీలింగ్ ధర పెట్టింది, అప్పట్లో మామూలు కోబాల్ట్ క్రోమియం సెట్ 54,720 రూపాయలు, రివిజన్ సెట్ 1,13,950 రూపాయలు, జీఎస్టీ వేరే. తర్వాత అంకెలు మారుతూ వచ్చాయి, బిల్లులో ఇంప్లాంట్ ధర విడిగా రాయించుకోండి. ఇన్సూరెన్స్ ఉంటే రెండు దశలకీ రెండు అప్రూవల్స్ కావాలి, మొదటి డిశ్చార్జ్ సమ్మరీలోనే "రెండో దశ ప్లాన్ చేశాం" అని రాయించుకుంటే టీపీఏ (ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లు చూసే సంస్థ) వాళ్ళు తర్వాత తక్కువ ప్రశ్నలు వేస్తారు. ఆరోగ్యశ్రీ, వైద్య సేవ కార్డు ఉన్నవాళ్ళు చేరకముందే ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గర కడగడం ఏ ప్యాకేజీ, రివిజన్ ఉందా లేదా అని అడగండి. రెండో అభిప్రాయం కావాలంటే నిమ్స్, ఉస్మానియా, గాంధీ, వైజాగ్ కేజీహెచ్, తిరుపతి బర్డ్ లాంటి చోట్ల ఆర్థో విభాగాలు ఉన్నాయి, ఫైల్ మొత్తం పట్టుకెళ్ళండి, ఎక్స్‌రేలు వాట్సాప్‌లో కాదు, ఫిల్ములు.

రెండు ఆపరేషన్ల మధ్య మీరు చేయగలిగింది ఇంట్లోనే ఉంది. షుగర్ అదుపు, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) చూపించుకోవడం, ఆల్బుమిన్ (రక్తంలోని మాంసకృత్తి) డెసిలీటరుకి 3.5 గ్రాముల కంటే తక్కువుంటే గాయం సరిగ్గా మానదు కాబట్టి గుడ్లు, పప్పు, పాలు, పెరుగు. పత్యం పేరు చెప్పి చారన్నం మీద ఉంచేస్తారు మనవాళ్ళు, వంకాయ తింటే చీము పడుతుంది అంటారు, గాయానికి కావాల్సింది మాంసకృత్తులు. చుట్ట, బీడీ, గుట్కా బంద్. పుచ్చు పళ్ళు, కాలి పగుళ్ళు, మూత్రం మంట ఉంటే కొత్త మోకాలు పెట్టకముందే చూపించుకోవాలి.

అమ్మకి రెండో దశ అయ్యాక ఐదు ముక్కలు కల్చర్‌కి వెళ్ళాయి, 14వ రోజు సాయంత్రం ఐదింట్లోనూ ఏమీ పెరగలేదని రిపోర్టు వచ్చింది. ఇప్పుడు 85 డిగ్రీలు మడుస్తుంది, మెట్లు ఒక్కొక్కటిగా రెయిలింగ్ పట్టుకుని. మూడు నెలలకోసారి సీఆర్పీ, అదే ల్యాబ్‌లో. కొత్త ఇంప్లాంట్ స్టిక్కర్ల పేజీ డిశ్చార్జ్ రోజే ఫోటో తీసి చెల్లెలికి పంపాను, అసలు పేజీ బీరువాలో పట్టుచీరల కింద ఉంది, అక్కడైతే పోదని అమ్మే పెట్టింది.